చెరో డిస్క్

కోరుట్ల ఫంక్షన్ హాల్లో ఎదురుకోళ్లు ఇంకా మొదలు కాలేదు. ట్రయల్ రికార్డింగ్‌లోనే, పెళ్లి వీడియోలు తీసే జగదీశ్ కంప్యూటర్ మొరాయించింది.

నాలుగు కెమెరాల బొమ్మ ఒకే డిస్క్‌లోకి వెళ్తోంది. రెండు నిమిషాలకోసారి ఆగుతోంది.

పెళ్లికూతురు అమృత తండ్రి మస్కట్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు. పెళ్లి మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా తీసి చూపించమని జగదీశ్‌ను ఫోన్‌లో అడిగాడు.

"డిస్క్ అందుకుంటలేదు," అన్నారెవరో వెనక నుంచి.

నలభై ఏళ్ల మనిషి. పేరు జలపతి, ఊరు చందుర్తి అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకో డిస్క్ ఉన్నదా? రెండు కలుపుదాం. గట్ల కలపాలంటే రెండు తీర్లు. రెండింట్ల ఒక్కటే రాస్తే కాపీ ఉంటది, స్పీడ్ రాదు. సగం దీంట్ల, సగం దాంట్ల పంచి రాస్తే స్పీడ్ అస్తది."

"అబ్బ! గింతేనా అన్నా?" అన్నాడు కెమెరామన్ వినోద్, జలపతితో.

ఎనిమిదేళ్లుగా వినోద్ 'అన్నా' అన్నది జగదీశ్‌ను ఒక్కడినే.

జలపతి ఇంకా ఏదో చెబుతున్నాడు. జగదీశ్ వినలేదు. వినోద్ ముఖం చూస్తున్నాడు.

"ఏ తీరు పెట్టాలె?" జలపతి అడిగాడు.

"స్పీడ్ పెట్టు," అన్నాడు జగదీశ్.

పది నిమిషాల్లో పని అయింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఎక్కడా బొమ్మ ఆగలేదు.

"ఏ స్టూడియో నీది?" జగదీశ్ అడిగాడు.

"నాకు స్టూడియో లేదు."

"కోరుట్లల పెడ్తవా ఏంది?"

జలపతి నవ్వాడు. ఏదో అనబోయాడు. వినోద్ అడ్డం వచ్చాడు.

"అన్నా, నాకు గూడ నేర్పరాదే!"

జగదీశ్ లేచి వేదిక దగ్గరికి వెళ్లిపోయాడు.

అప్పగింతలప్పుడే రెండిళ్ల వాళ్లకూ రికార్డింగ్ చెరొకటి చేతికివ్వడం జగదీశ్ పద్ధతి. అతనికి పెళ్లిళ్లు వచ్చేది ఆ పేరు మీదే. ఈసారి కాపీ చేసే పని తప్పిందనుకుని రెండు డిస్కులూ పీకాడు.

జలపతి గబగబా వచ్చాడు. "అన్నా, విడగొట్టకు. ముందుగాల వేరే దాంట్లకు..."

"పొద్దటి సంది అంతా నువ్వే చెప్పినవ్. ఇగ నా పని నన్ను చేస్కోనియ్. పోయి బువ్వ తిను."

వినోద్ కేబుళ్లు చుట్టుకుంటూ తలెత్తలేదు.

జలపతి భోజనాల బంతిలో కనిపించలేదు.

ఒక డిస్క్ పెళ్లికొడుకు అన్న రమణకు ఇచ్చాడు. ఇంకొకటి అమృత తల్లి నాగవ్వకు.

నాలుగో రోజు నాగవ్వ స్టూడియోకు వచ్చింది.

"తమ్మీ, దీంట్ల ఏం లేదంటున్నరు. మా ఆయన ఊకె ఫోన్ చేస్తుండు."

జగదీశ్ తగిలించి చూశాడు. తెరుచుకోలేదు. సిరిసిల్లలో ఉన్న రమణకు ఫోన్ చేశాడు.

"మాదాంట్ల గూడ ఏం రాలే. ఫార్మాట్ చేయాల్నా అనడిగింది, చేసినం. ఖాళీగుందని సినిమాలు నింపినం," అన్నాడు రమణ.

జగదీశ్ చేతిలోని డిస్క్‌ను చూశాడు. ఇందులో ఉన్నది సగం పెళ్లి. మిగతా సగం లేకుండా ఇదీ తెరుచుకోదు.

"అక్కా, పెండ్లిల జలపతి అనేటాయన ఉండె. ఎక్కడుంటడు? ఏమన్న జేస్తే ఆయనే జెయ్యాలె."

"జలపతా? మస్కట్ల మా ఆయన రూముల ఉండేటోడు. పన్నెండేండ్లు గక్కడ టీవీవోళ్లకు రికార్డింగే చేసిండు."

"ఫోన్ నంబరుందా?"

"ఇక్కడి నంబరు కలుస్తలేదు తమ్మీ. ఇగ మస్కట్ పోను, నీ దగ్గర పని అడుగుతనని పెండ్లికి అచ్చిండు. ఏమైందో ఏమో, నిన్ననే మళ్ల విమానమెక్కిండు."