శాంపిలు బోల్టు

"అది స్టారు కాదయ్యా బాబూ, అలెన్ బోల్టే. కావాలంటే రాసిస్తా," అన్నాడు మెకానిక్, కౌంటరు మీద అరచేత్తో చరిచి.

"మీ అలెన్ కీ జారిపోతోందని మీరే అంటున్నారు. జారిందంటే అది స్టారే," అన్నాడు టూల్స్ షాపాయన. మొండితనంలో ఆయనా తక్కువ తినలేదు.

ఇద్దరి మధ్యా రెండు సాకెట్ సెట్లు మూతలు తెరుచుకుని ఉన్నాయి. ఒకదాంట్లో, బోల్టు తలలో దూర్చి తిప్పే బిట్లన్నీ ఆరుపలకల అలెన్‌వి, రెండోదాంట్లో అన్నీ నక్షత్రం మూతివి.

"బోల్టు తల నిండా మడ్డి పేరుకుపోయింది. లోపల పలకలున్నాయో నక్షత్రముందో ఎవడికి తెలుసు? రెండూ కలిసిన సెట్టు ఇవ్వరాదూ?"

"ఇస్తాను. కానీ అందులో బిట్లు పొట్టివి. మీరు చెప్పే బ్రేకు బోల్టు లోతుగా ఉంటుంది, అందదు. పొడుగు బిట్లు కావాలంటే ఏదో ఒకటే తీసుకోవాలి. తీరా వాడాక వెనక్కి తెస్తే మాత్రం తీసుకోను, ముందే చెబుతున్నా."

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. ఆ మంట నిజానికి షాపాయన మీద కాదు. తన షెడ్డులో బ్రేకు ప్యాడ్లు మార్చాల్సిన కారు జాకీ మీద అలాగే నిలబడి ఉంది. కిందికి దూరదామంటే తన మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. పోనీ అని అల్లుణ్ణి దూర్చి చూశాడు. అల్లుడు మంచివాడే, కాదన్నదెవరు? కానీ టైలరు. సూదిలో దారం కళ్ళు మూసుకుని ఎక్కిస్తాడు గానీ, పానా ఇస్తే పాముని పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. పక్కనున్న బేకరీ ఆయనేమో షెడ్డు తనకిచ్చేయమని ప్రాణం తీస్తున్నాడు. 'మీ తర్వాత దీన్ని చూసేదెవరు చెప్పండి' అని రోజూ అదే పాట. ఇవాళ సాయంత్రానికి ఏ సంగతో తేల్చేస్తానని మెకానిక్ మాటిచ్చాడు. ఈ ఒక్క కారూ కదలకపోతే ఇక తేల్చడానికేముంది, తాళం చెవులు ఆయన చేతిలో పెట్టడమే.

"ఇంత గొడవెందుకన్నా, శాంపిలు తెచ్చారా?" అన్నాడు షాపాయన.

మెకానిక్ నాలిక కరుచుకున్నాడు. బోల్టు చేత్తో పట్టుకెళ్ళందే సాకెట్ కొనకూడదని ఊరందరికీ పాఠం చెప్పేది తనే. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి గబగబా ఫోను తీసి షెడ్డుకి కొట్టాడు. అక్కడ బిల్లులు రాసే కూతురు ఎత్తింది.

"అమ్మాయ్, ఆ బ్రేకు బోల్టు మీ ఆయనకిచ్చి పంపు. షాపులోనే ఉన్నా. ఆలస్యం చెయ్యకండి."

"సరే నాన్నా," అంది కూతురు.

షాపాయన తెప్పించిన టీ తాగి, రెండు సెట్లలోని బిట్లనీ గోటితో గీకి చూసి, ఉక్కు మంచిదా కాదా అని మరో విడత వాదించుకునేలోపు అల్లుడు రొప్పుకుంటూ వచ్చాడు. మోచేతులదాకా మసి. జేబులోంచి గుడ్డపీలిక తీసి విప్పితే అందులో బోల్టుంది. శుభ్రంగా తుడిచి మరీ తెచ్చాడు. తలలో నక్షత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

"చెప్పానా," అన్నాడు షాపాయన.

"చెప్పావులే, మురిసిపోకు. ముందు సైజు చూడు."

మొదటి బిట్టు వదులై ఆడింది. దాని పై సైజు పెట్టగానే టక్కున కూర్చుంది. మెకానిక్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. వెంట్రుకవాసి కదల్లేదు. ఓడిపోయినా ఆయన మొహం వెలిగిపోయింది. పనిముట్టు అలా కుదురుకోవడం చూస్తే ఆయనకి కడుపు నిండినట్టుంటుంది.

"స్టారు సెట్టే కట్టు," అన్నాడు.

షాపాయన పెట్టె మూయబోయి ఆగాడు. బోల్టు వంక చూశాడు, మెకానిక్ వంక చూశాడు.

"అన్నా, తప్పుగా అనుకోకండి. బోల్టు ఊడి నా కౌంటరు మీదికొచ్చేశాక, ఇక ఈ సెట్టుతో మీరు దేన్ని విప్పుతారు?"

మెకానిక్ బోల్టు చేతిలోకి తీసుకున్నాడు. మెల్లిగా అల్లుడి వైపు తిరిగాడు.

"ఇది ఊడిందా?"

"మీరే తెమ్మన్నారు కదా మామయ్యగారూ," అన్నాడు అల్లుడు, తప్పు చేసినవాడిలా.

"దేంతో?"

"ఇంట్లో ఉందండీ, ఇలాంటి సెట్టే. కొని చాలా రోజులైంది. తెలిస్తే మీరు ఒప్పుకోరని..."

"మరి బ్రేకు ప్యాడ్లు?"

"అవి కూడా మార్చడం అయిపోయింది. ఈ బోల్టు బిగిస్తే కారు వెళ్ళిపోవచ్చు. కానీ మామయ్యగారూ, ఒక్క మాట..."

ఆ ఒక్క మాట వినే స్థితిలో లేడు మెకానిక్. అల్లుణ్ణి అమాంతం కావలించుకున్నాడు. మోకాళ్ళ నొప్పులు ఏమైపోయాయో గానీ, షాపు మధ్యలో ఓ చిందు కూడా వేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, ఆ చేత్తోనే బేకరీ ఆయనకి ఫోను కలిపాడు.

"షెడ్డు ఇవ్వనండీ. ఇది ఖాయం, మళ్ళీ అడక్కండి. నా తర్వాత చూసుకునే మనిషి ఇంట్లోనే ఉంటే కనిపెట్టలేకపోయాను, గుడ్డివాణ్ణి. ఆ పనితనం ఇప్పుడే కళ్ళారా చూశాను. మీ పొయ్యి ఇంకెక్కడైనా పెట్టుకోండి."

ఫోను జేబులో వేసుకుని అల్లుడి భుజం తట్టాడు. "ఇప్పుడు చెప్పవయ్యా, ఏంటి నీ ఒక్క మాట?"

అల్లుడు గుడ్డపీలిక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"విప్పింది మీ అమ్మాయి మామయ్యగారూ. నేను టార్చిలైటు పట్టుకున్నానంతే."