లైబ్రరీ వెనక బెంచీ

“అడిగావా?” అంది ఆమె.

“అడిగాను” అన్నాడు అతను, బెంచీ మీద పెచ్చులు లేచిన రంగుని గోటితో గీకుతూ.

“ఏమన్నారు?”

“నానమ్మ ఏడ్చింది. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ ఒక్క ముక్కే అంది, కుదరదని.”

“మరి నువ్వేమన్నావు?”

“సరేనన్నాను.”

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. క్లాసులో మైకు దొరికితే వదలని మనిషి, వాళ్ళమ్మ ముందు మాత్రం బుద్ధిగా చేతులు కట్టుకుంటాడు. తనేం తక్కువ తిందని? నిన్న ఫోన్లో అమ్మ, “పెద్దవాళ్ళ మాట విను తల్లీ, అన్నీ అవే సర్దుకుంటాయి” అంటే ఊకొట్టి పెట్టేసింది.

ఆఖరి పరీక్ష అయిపోయింది. లైబ్రరీలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. హాస్టలు గేటు దగ్గర పెట్టెలు, పరుపుచుట్టలు, కౌగిలింతలు. చదువు అయిపోయిందని అందరూ ముక్కులు చీదుకుంటున్నారు. ఆమె ఏడుపు మాత్రం ఈ బెంచీ కోసం.

బెంచీకేం, గొప్పదేమీ కాదు. ఒక కాలు పొట్టి. ఒకరు కదిలితే రెండోవాళ్ళు ఊగాల్సిందే. సగం ఏడాది గడిచేదాకా ఆమెకి అతని పేరు తప్ప ఇంకేమీ తెలియదు. అర్ధసంవత్సరం సెలవుల తర్వాత ఒకరోజు హఠాత్తుగా వాన పడితే ఇద్దరూ ఈ చూరు కింద చేరారు. ఏం మాట్లాడాలో తెలియక అతను టిఫిను డబ్బా మూత తీసి ఆమె వైపు జరిపాడు. అంతే. ఆ తర్వాత చెరో చెవిలో ఒకే పాట. అతను పాఠం చెబుతుంటే అర్థం కాకపోయినా ఆమె తలూపడం. అలిగి ఆ చివరికి జరిగితే, పొట్టికాలు పుణ్యమా అని బెంచీ ఊగి, అలక కాస్తా నవ్వులో కలిసిపోవడం. ఇంత సంతోషానికి ఇంత చోటు చాలునని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

“ఇక ఇలా కూర్చోలేం కదూ?”

“ఎక్కడ కూర్చుంటాం? అందరి కళ్ళూ మన మీదే.”

“ఇకమీదట నిన్ను ‘మీరు’ అనాలి. తలుచుకుంటేనే ఎలాగో ఉంది.”

“ఏదీ, ఒక్కసారి అను.”

“పోరా!”

“దొరికారు దొంగలు!” అంటూ గోడ మూల నుంచి రేడియో వచ్చి పడింది. ఆమె రూమ్మేటు. విన్నది కడుపులో దాచుకోలేదు కాబట్టి హాస్టలంతా కలిసి పెట్టిన పేరు అది. “నువ్వు సెలవుల నుంచి వారం ఆలస్యంగా ఊడిపడ్డావు, అప్పట్నుంచీ చూస్తున్నా ఈ వరస. నేనేమన్నా గుడ్డిదాన్నా? ఏరా, మీ ఇంట్లో ఒప్పుకోలేదా?”

“లేదు” అన్నాడు అతను నేలచూపులు చూస్తూ.

“గట్టిగా అడగొచ్చుగా, నోరు పడిపోయిందా?”

“అమ్మ ముందు నా నోరు పెగలదు.”

“ఇంతకీ మీ అమ్మకి కోడలు ఎలా ఉండాలట?”

అతను ఓరగా ఆమె వైపు చూశాడు. “పొద్దున్నే లేవాలట. నానమ్మకి పేపరు చదివి వినిపించాలట. ఎక్కువ నవ్వకూడదట.”

“ఆ పిల్లెవరో గానీ, పాపం!”

“నిజంగా పాపమే” అంది ఆమె.

“అయినా మొన్న నోట్సు కోసం వచ్చినప్పుడు మీ ఇల్లు చూశాగా. ఉన్నవే రెండు గదులు. ఒకదాంట్లో మీ నానమ్మ దగ్గు, ఇంకోదాంట్లో మీ నాన్న గురక. మిగతా సంతానమంతా హాల్లో వరసగా. వచ్చే పిల్లని ఎక్కడ పెడతారు, అటక మీదా?”

“అదే నాకూ తెలియట్లేదు” అన్నాడు అతను. ఆ మాటలో వేళాకోళం లేదు.

రేడియో మెత్తబడిపోయింది. “లేచిపోండర్రా. మిగతాది నేను చూసుకుంటా.”

“లేచిపోయి ఎక్కడుంటాం? ఇద్దరికీ ఉద్యోగాల్లేవు” అంది ఆమె. “అయినా నువ్వు చూసుకుంటే మేం గేటు దాటకముందే ఊరంతా తెలిసిపోతుంది.”

గేటు దగ్గర టాక్సీ హారన్ మోగింది.

పెట్టె అతనే ఎత్తాడు. రేడియో ఆమెని ఊపిరాడనంత గట్టిగా వాటేసుకుంది. “బస్టాండు దాకా అయినా తోడు వెళ్ళరా, సన్నాసీ. ఇదే ఆఖరు కదా!”

అతను పెట్టె ఎక్కించి, ఆమె ఎక్కాక తనూ ఎక్కాడు.

టాక్సీ కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. లైబ్రరీ పక్కనుంచి అటెండరు ఎవరో ఆ బెంచీని స్టోరుగది వైపు ఈడ్చుకుపోతున్నాడు. పొట్టికాలు నేల మీద గీత గీసుకుంటూ పోతోంది. ఆపమని అరవాలనిపించింది. ఏమని అరుస్తుంది? సంచీ చాటున అతని చెయ్యి వెతికి పట్టుకుంది. బండి ఆగేదాకా వదలకూడదనుకుంది.

అతని ఫోను మోగింది.

“అమ్మ” అన్నాడు మెల్లిగా. కాసేపు విన్నాడు. మొహం వాడిపోయింది. పట్టుకున్న చెయ్యి విడిపించుకుని ఫోను ఆమెకి అందించాడు. “నీతోనే మాట్లాడాలట.”

ఆమె గొంతు సవరించుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“కోడలా, పెళ్ళయి ఏడాదైనా కాలేదు, అప్పుడే వేరు కాపురమేంటి? నీ మంచం నానమ్మ గదిలో వేయించానమ్మా!”