శనివారంలోగా జడ

“కుదుళ్ల దగ్గర మొదలుపెడితే పాప ఏడుస్తుంది మేడమ్. చివళ్ల నుంచి పైకి రండి,” అంది డెనీస్.

అప్పటికే లీల సన్నపళ్ల దువ్వెన బొమ్మ తలలోని ఉంగరాల జుట్టులో ఇరుక్కుపోయింది. కూతురికి ఏళ్ల తరబడి నూనె రాసి జడలు వేసిన చెయ్యి, ఇదో లెక్కా అనుకుని వచ్చింది. ఆ ధీమా కాస్తా నీరుగారిపోయింది.

1984 ఫిబ్రవరి. న్యూజెర్సీలోని ఆ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు బ్లాక్ హిస్టరీ మంత్ జరుపుతున్నారు. హాల్లో ఒక మూల ఉపన్యాసం, ఇంకో మూల బీపీ పరీక్షలు, కిటికీ పక్కన డెనీస్ అనే విద్యార్థిని బొమ్మ తల మీద జుట్టు సంరక్షణ నేర్పే బల్ల. చీర మీద కోటు తొడుక్కుని వచ్చిన లీలని అందరూ వింతగా చూస్తున్నారు. ఆమె మాత్రం మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. భర్త నరసింహం అక్కడే కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఆయన కంటబడితే ఇంకేమన్నా ఉందా.

కూతురు జయంతి, కర్టిస్ అనే నల్లజాతి కుర్రాణ్ణి పెళ్లి చేసుకున్నప్పటి నుంచి ఆయన ఆ పిల్ల పేరెత్తలేదు. ఈ శనివారం జయంతి మూడేళ్ల కూతుర్ని తీసుకుని మొదటిసారి ఇంటికొస్తోంది. ఫోన్లో ముందే చెప్పేసింది.

“నాన్న దాన్ని దగ్గరికి తీసుకోకపోతే నేను మళ్లీ రానమ్మా.”

ఆ మాట చెబితే ఆయన పేపరు మడిచి, కోటు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఈ వారమంతా ఇంటికి ఆలస్యంగానే వస్తున్నాడు. లీలకి ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఆయన్ని మార్చడం తన వల్ల కాదు. కనీసం అమ్మమ్మ చేతి జడైనా ఆ పసిదానికి నొప్పి లేకుండా పడాలి.

అందుకే డెనీస్‌ని ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. తడిపి దువ్వాలా, పొడిగానా? పాపిడి ఎంత దూరం తియ్యాలి? పడుకునేటప్పుడు తలకి ఏం చుట్టాలి? మొదటి జడ ఊడిపోయింది. రెండోది వంకర పోయింది. తర్వాతది బొమ్మ తలకి అంటుకుని చక్కగా కూర్చుంది.

ఇంత పట్టుదల ఏ పాప కోసమని డెనీస్ ఆరా తీసింది. నిజం చెబితే ఆ కబురు కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌దాకా పాకుతుందని లీలకి భయం వేసింది.

“మా పక్కింటి పాపకి,” అంది.

డెనీస్ ఆశ్చర్యపోయింది. “మీ ఇండియన్స్ అందరికీ పక్కింటి పిల్లలంటే ఇంత ప్రేమా?”

“అందరూ అంటే?”

“నిన్న ప్రొఫెసర్ నరసింహం కూడా పక్కింటి పాప కోసమే నేర్చుకున్నారు.”