నాలుగో స్థాయి

1983 నవంబరు 15, బ్రెమెన్. కిటికీలు నాలుగు తుడిచాను, చొక్కాలు ఆరు ఇస్త్రీ చేశాను, హాలు శుభ్రం చేశాను.

వాక్యూమ్ క్లీనర్ కోసం రోజూ చదరంగం కంప్యూటరు ప్లగ్గు తీస్తాను. తీస్తే అది పిల్లలాడే ఒకటో స్థాయికి పడిపోతుందని ఇవాళే దాని పుస్తకంలో చదివాను.

పక్షవాతం వచ్చి తగ్గాక మా ఆయన ఎగన్ నాలుగో స్థాయిలో ఆడుతున్నానంటూ దానిమీద రోజూ గెలుస్తున్నాడు. ఆ ధైర్యంతోనే, మళ్ళీ ట్రాము నడపనిమ్మని రేపు డాక్టరును అడగబోతున్నాడు.

భయంభయంగా చెప్పేశాను. ఎగన్ చేతిలోని గుర్రం పావును బల్లమీద పెట్టేశాడు.

"పిచ్చిదానా, స్థాయి చూపించే ఎర్రదీపం నాకు కనపడదా? నాలుగో స్థాయి మే నెల నుంచీ నన్ను చితక్కొడుతోంది. అందుకే నువ్వు వాక్యూమ్ పెట్టాకే ఆటకి కూర్చుంటున్నా."

పావులు సర్దుతూ అన్నాడు: "ట్రాము నిండా జనం ఉంటారు. రేపు రానని డాక్టరుకి నువ్వే ఫోను చెయ్యి."

చేశాను. ఎగన్ నాకు బాకీ ఉన్న నిజం ఇవాళ ముట్టింది.