క్లచ్ ప్లేటుకు పసుపు బొట్టు

"అమ్మా! ఎవ్వలు ముట్టుమన్నరే దీన్ని?"

సాయి అరుపుకు శారదమ్మ తిప్పుతున్న రాట్నం ఆగిపోయింది. దేవుని గూట్లో, వెలుగుతున్న దీపం పక్కన, నిన్ననే కొరియర్‌లో దిగిన రేసింగ్ క్లచ్ ప్లేటు గోడకు ఆని కూర్చుంది. ఒళ్లంతా పసుపు, నడుమ కుంకుమ బొట్టు, నెత్తిన రెండు బంతిపూలు. పెండ్లికూతురికి కూడా అంత ముస్తాబు చేయరు.

"కొత్త సామాను ఇంట్లకొచ్చింది. బొట్టు పెట్టకుంట బండికెట్ల బిగిస్తవ్‌రా?"

"ఉత్త చేతులతోని ముట్టొద్దు, నూనె మరక గిట్ల తగలొద్దు అని నిన్నటి సంది చెవిల ఇల్లు కట్టుకొని చెప్తున్న గదనే!"

"మైల చేతులతోని ముట్టిన్నా ఏంది? తానం జేసే ముట్టిన."

తల్లితో వాదన పెట్టుకుంటే పొద్దుగూకుతుంది గానీ తెమలదు. సాయి ప్లేటును పాత బనీనుతో గట్టిగా తుడిచి, మోత్కూర్‌లోని వీరేశం షెడ్డుకు కారు తోలాడు. నెల తిరిగేసరికి ఊరవతల కొత్త రోడ్డు మీద పక్క వాడకట్టు బాలకృష్ణతో కార్ల పందెం ఉంది. ఓడినవాడు గెలిచినవాడి కారును నెలరోజులు కడగాలి, అదీ బస్టాండు ముందర, అందరూ చూస్తుండగా. సాయికి ప్రాణం పోయినా ఫరవాలేదు, ఆ బకెట్టు మాత్రం పట్టకూడదు.

వీరేశం గేర్‌బాక్సు దింపి ప్లేటు చేతిలోకి తీసుకున్నాడు. "ఏంది తమ్మీ, పచ్చగున్నది?"

"మా అమ్మ పూజ చేసిందన్నా."

"పసుపే గద, తిరుగుతుంటే పోతది" అని నవ్వి బిగించేశాడు. "ఇగ చూడు, పందెం దాంక ఎనిమిది వందల కిలోమీటర్లు నిమ్మలంగ తోలాలె. గట్టిగ తొక్కొద్దు. ఒక్కతీరుగ పోవుడు గాదు, ఆగాలె, పోవాలె, గేర్లు మార్చాలె. గప్పుడే ప్లేటుకు పట్టు దొరుకుతది."

"మనకాడ సిగ్నళ్లు ఏడున్నయన్నా, ఆగనీకె?"

"గొర్ల మంద ఎనక పో."

సాయి నిజంగానే పోయాడు. గొర్ల మంద వెనక, పల్లెవెలుగు బస్సు వెనక, మూడు పెండ్లి ఊరేగింపుల వెనక డప్పుల దరువుకు తగ్గట్టు కారు నడిపాడు. ముందు సీట్లో శారదమ్మ. "మగ్గానికి కొత్త పడుగు ఎక్కిచ్చినంక మొదటి మూర నిమ్మలంగనే నెయ్యాలె. వీరేశం మంచిగ జెప్పిండు" అని మెచ్చుకునేది. స్పీడు ముల్లు నలభై దాటితే చాలు, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసేది. సంతకు పోయే అవ్వలు, దవాఖానకు పోయే తాతలు వాకిట్లో వరుస కట్టారు. నెల తిరిగేసరికి రేసు కారు కాస్తా కిరాయి లేని ఆటో అయి కూర్చుంది. సాయి పళ్లు నూరుకున్నాడు గానీ ఒక్కసారైనా గట్టిగా తొక్కలేదు.

పందెం రోజు రానే వచ్చింది. పొద్దున్నే రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడ్డాయి. ఎవరో తువ్వాల ఊపారు. సాయి యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కాడు.

ఇంజను ఆకాశం దద్దరిల్లేలా అరిచింది. కారు మాత్రం ఇంకా పెండ్లి ఊరేగింపులోనే ఉన్నట్టు కదిలింది. బాలకృష్ణ కారు మలుపు దగ్గర మాయమైంది. వెనకనుంచి పాలక్యాన్ల మోపెడ్ ఒకటి హారన్ కొట్టి మరీ దాటిపోయింది. కారు నిండా మిరపకాయ బజ్జీల మూకుడు వాసన.

వీరేశం మళ్లీ గేర్‌బాక్సు దింపి, ప్లేటును రెండుసార్లు వాసన చూశాడు.

"నువ్వుల నూనె తమ్మీ. లోపటి దాంక గుంజుకున్నది. మెల్లగ తోలినన్ని దినాలు తెల్వలే, గట్టిగ తొక్కంగనే జారింది."

"దీపం పక్కన పెట్టింది గదన్నా, కారినట్టున్నది" అని సాయి నెత్తి కొట్టుకున్నాడు.

నాలుగు మాటలు గట్టిగా అనాలని ఇంటికి పోయాడు. గుమ్మంలోనే శారదమ్మ ఎదురొచ్చి చేతులు, కాళ్లు, నెత్తి తడిమి చూసింది.

"దెబ్బలేం తగల్లే గద బిడ్డా?"

"ఓడిపోయిన్నే."

"పోనీతీ. సల్లగ ఇల్లు చేరినవ్."

ఆమె కళ్లల్లో నీళ్లు చూశాక సాయి కోపం చల్లారింది. పాపం, తెలియక చేసింది, భక్తితో చేసినదానికి ఏమంటాం అనుకున్నాడు. "ఇంకో ప్లేటు తెప్పిస్తున్న. ఈసారి సీదా షెడ్డుకే పోతది. పూజ గిట్ల ఏం లేదు" అని మాత్రం అన్నాడు.

"నీ ఇష్టం కొడుకా" అంది శారదమ్మ.

మర్నాటినుంచి బకెట్టు పట్టాడు. బస్టాండు ముందర సాయి టైర్లు తోముతుంటే బాలకృష్ణ కుర్చీ వేసుకుని చాయ్ తాగుతూ, "మళ్ల క్లచ్ తెప్పిస్తున్నవంట గదరా? నేను గూడ గసుంటిదే ఆర్డర్ పెట్టిన. రెండోపాలి చూసుకుందాం" అన్నాడు.

వారం తిరిగింది. ఆ పొద్దు సాయి ఇంటికి వచ్చేసరికి శారదమ్మ నూలు గంజిలో ముంచుతోంది. గూట్లో ఆమె ఫోన్ మోగింది.

"జర ఎత్తురా, చేతులకు గంజి ఉన్నది."

చేసింది బాలకృష్ణ తల్లి భాగ్యలక్ష్మి. సాయి హలో అనేలోపే అవతలినుంచి గుసగుసగా గొంతు వినిపించింది:

"శారదక్కా, మావోని డబ్బ గూడ వచ్చింది. నువ్వుల నూనె ఎన్ని చుక్కలు పొయ్యమన్నవ్?"