పది చుక్కల నూనె

పెనుకొండలో బస్సెక్కిన కానిస్టేబుల్ నేరుగా వచ్చి కేశవ పక్కనే కూర్చున్నాడు. కేశవ చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. అందులో చిన్న సీసా ఉంది. హిందూపురంలో డాక్టర్ ఝాన్సీ ఇచ్చిన నూనె అది.

గంజాయి మొక్క నుంచి తీసిందే అయినా మత్తెక్కదని, ఆటిజం ఉన్న పిల్లలకు పనిచేస్తుందో లేదో ఇంకా పరీక్షిస్తున్నారని, అన్ని అనుమతులూ ఉన్నాయని ఆవిడ వివరంగానే చెప్పింది. కేశవ చెవికి మొదటి మాట ఒక్కటే ఎక్కింది.

"ఏమప్పా, ఇంత చలిలో చెమట్లు పడ్తాండాయే?" అన్నాడు కానిస్టేబుల్.

"పైత్యం సార్."

ఆ భయంలో, జేబులోనే, సీసా మీది చీటీని గోటితో గీకేశాడు. తల్లి తెమ్మన్న వక్కలు, మిషన్ నూనె, అగరబత్తీలు ఏవీ కొనకుండానే, ధర్మవరంలో దిగి నేరుగా ఇంటికి పోయాడు.

అతని కూతురు ప్రమోదకు ఎనిమిదేళ్లు. మగ్గం మీద బుటాలు తేల్చే జాకార్డు పెట్టె కిర్రుమంటే చాలు, చెవులు మూసుకుని వీధంతా వినిపించేలా అరుస్తుంది. మగ్గం ఆపితే పూట గడవదు. నెలలో మార్పు రాకపోతే పిల్లను తీసుకుని గాండ్లపెంటలో పుట్టింటికి పోతానని భార్య సుమలత పెట్టె కూడా సర్దింది.

పొద్దున్నే సుమలత పనికి పోతుంది. అందుకని కేశవ సీసాను తల్లి వెంకటలక్ష్మమ్మ చేతిలో పెట్టి, వీధి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మా, ఇదే నూనె. దినామూ పొద్దున్నే పది చుక్కలు. ఎవురికీ చెప్పొద్దు."

"వక్కలు యాడరా?" అని మాత్రం అడిగిందామె.

వారానికే అరుపులు తగ్గాయి. రెండో వారం ప్రమోద మగ్గం పక్కనే కూర్చుని పట్టు కండెలను రంగుల వరసలో పేర్చింది. మనసు బాగుంటే మగ్గం కూడా తేలిగ్గా ఆడుతుందని కేశవ మురిసిపోయాడు. సుమలత పెట్టె విప్పి చీరలు మళ్లీ దండెం మీద వేసింది.

నెల తిరిగాక కేశవ తల్లినీ కూతురినీ వెంటబెట్టుకుని హిందూపురం పోయాడు. పిల్లను చూసి డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంది. చుక్కలు తప్పకుండా వేశారా అని అవ్వను అడిగింది.

"ఒగ దినమూ తప్పలే తల్లీ. వీడు పనిలో కూర్చోకముందే పోస్తాంటి."

"మింగడానికి మారాం చేసిందా?"

వెంకటలక్ష్మమ్మ డాక్టరును జాలిగా చూసింది.

"మగ్గం యాడన్నా మారాం చేస్తాదా తల్లీ?"