ఎనిమిది బిట్ల లెక్క

ఆరు కొట్టగానే పోటీ గడువు ముగిసిందని తెర మీద పడింది. చెల్లెలు తీసిన చిన్న సినిమా ముప్పై ఏడు శాతం అప్‌లోడై ఆగిపోయింది.

"అయిదు నిమిషాల పనన్నావుగా!" గుమ్మంలోంచి నాన్న అన్న మీద అరిచాడు.

నెట్‌వర్క్ ఇంజనీరైన అన్న అప్పుడు మళ్లీ లెక్క వేసుకున్నాడు. ఆరు గిగాబైట్ల ఫైలు, సెకనుకు ఇరవై మెగాబిట్ల లైను. బిట్లను బైట్లనుకుని, పావుగంట ముందు మొదలుపెడితే చాలన్నాడు. నిజానికది నలభై నిమిషాల పని. "చాలదేమో అన్నయ్యా" అని చెల్లెలు నసిగితే, "గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట!" అని నోరు మూయించాడు.

"తప్పు నాదే నాన్నా. ఆలస్యంగా మొదలుపెట్టాను," అంది చెల్లెలు.

"ఏడాది కష్టాన్ని చేజేతులా పాడుచేసుకున్నావు కదే!" నాన్న విసురుగా లోపలికి వెళ్లిపోయాడు.

"ఎందుకలా చెప్పావే?" అని అడిగాడు అన్న, తలెత్తకుండానే.

"నువ్వు చెప్తావేమోనని కాసేపు చూశాను," అంది చెల్లెలు. "ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్ అని నాకు నేర్పింది నువ్వే కదా అన్నయ్యా. అది నీకే రాలేదని నాన్నతో ఎలా అంటాను?"